మరణశయ్య చెంత వైద్యవిద్యార్థి

వైద్యకళాశాలలో అడుగిడిన విద్యార్థికి మొట్టమొదట పరిచయమగు మానవుడు జీవించియున్నవాడు కాడు. శరీరనిర్మాణశాస్త్రమును నేర్చుకొనుటకై అతడు శవము చెంత నిలుచును. కొన్ని నెలలు గడచునప్పటికి భయము తీరును, వాసన అలవడును, చేయి వణకుట మానును. పిమ్మట వార్డులకు వచ్చి రోగిని చూచును. జ్వరము తగ్గించుట, గాయము కుట్టుట, పురుడు పోయుట నేర్చును. అయితే ఆ శవమునకును, కోలుకొని ఇంటికి వెళ్ళు రోగికిని నడుమ మరియొకడు కలడు. అతడు చనిపోవుచున్నవాడు. అతని మంచము చెంత ఎట్లు నిలువవలెనో, వరండాలో కూర్చున్న అతని భార్యతో ఏమి మాటలాడవలెనో చిరకాలము ఏ కళాశాలయు నేర్పలేదు. ఆ పాఠము ఎప్పుడు పుట్టెనో, ఎవరు చెప్పిరో, ఎవరు వినకపోయిరో మనవి చేయుటయే ఈ ప్రసంగోద్దేశము.

మరణమును గుర్తించు విద్యలో ప్రాచీనులు ఆరితేరినవారే. చరకసంహితలోని ఇంద్రియస్థానము పండ్రెండధ్యాయములు. ఆ పండ్రెండును మృత్యువు సమీపించినదని తెలుపు చిహ్నములను గూర్చినవే. కంఠస్వరము మారుట, దేహకాంతి మారుట, ఒంటి వాసన మారుట, రోగి కనిన కలలు — దేనిని విడువలేదు. విమానస్థానమున గురువు క్రొత్త శిష్యునకు చేయు ఉపదేశములో మరియొక నియమము కలదు. రోగికి ఆయువు తీరినదని తెలిసినను, ఆ మాట రోగికి గాని ఇతరులకు గాని దెబ్బవలె తగులునన్నచో దానిని పైకి చెప్పరాదు. సూత్రస్థానమందు, అసాధ్యరోగమునకు పూనుకొను వైద్యుడు ధనమును, విద్యను, కీర్తిని పోగొట్టుకొనునన్న హెచ్చరిక గూడ కలదు. గ్రీకు దేశమున హిప్పొక్రటీసు పేర చెలామణియగు గ్రంథములలోను దాదాపు ఇదే ధోరణి. వ్యాధికి పూర్తిగా లొంగిపోయినవానికి చికిత్స చేయ నిరాకరించుట వైద్యకళలో ఒక భాగమని అందొకచోట కలదు. చనిపోవువానిని ముందుగా గుర్తించి చెప్పిన వైద్యునకు నింద రాదని మరియొకచోట కలదు.

దీనిని చూచి పూర్వులకు దయ లేదనుట న్యాయము కాదు. ఊరూర తిరిగి బ్రతుకు వైద్యునకు పేరే పెట్టుబడి. అదియునుగాక, ఆ దినములలో మరణము ఇంటిలో జరిగెడిది. తులసితీర్థము పోయువారు, చెవిలో భగవన్నామము పలుకువారు, మంచము మీదినుండి నేలకు దింపు సమయమైనదని చెప్పగల పెద్దలు ఇంటనే ఉండెడివారు. వైద్యుడు లేచి వెళ్ళినను రోగి ఒంటరివాడు కాడు. ఈ సంగతి మనస్సున నుంచుకొనిననే తరువాతి కథ బోధపడును.

ఐరోపాలో పెద్ద ఆసుపత్రులు లేచి, మరణము ఇల్లు విడిచి వార్డునకు రాసాగిన పిమ్మట ఈ ప్రశ్న వైద్యుని మీద పడెను. 1803లో మాంచెస్టరు వైద్యుడు థామస్ పెర్సివల్ వైద్యనీతిని గూర్చి ఒక గ్రంథము ప్రకటించెను. వైద్యుడు ఊరక అపశకునములు పలుకరాదు, అయినను ప్రమాదము నిజముగా వచ్చినపుడు బంధువులకు సకాలమున తెలియజేయవలెనని ఆయన చెప్పెను. 1847లో అమెరికా వైద్యసంఘము తన నీతిసూత్రములను వ్రాసికొనినపుడు పెర్సివల్ అడుగుజాడలనే నడచి, రోగము నయము కానిదన్న కారణమున వైద్యుడు రోగిని విడిచిపోరాదని గూడ చేర్చెను. మాట చక్కనిదే. కాని విడిచిపోక అక్కడ నిలిచి ఏమి చేయవలెనో ఆ సూత్రములలో వెదకినను కానరాదు. నియమము వ్రాయుట వేరు, నేర్పుట వేరు.

నేర్పుట అను పనికి గౌరవము తెచ్చినవారిలో విలియం ఆస్లరు ముఖ్యుడు. అమెరికాలోని బాల్టిమోరు నగరమున జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రి 1889లోను, దాని వైద్యకళాశాల 1893లోను ఆరంభమయ్యెను. అక్కడ ఆస్లరు విద్యార్థులను ఉపన్యాసశాలలోనుండి లేపి వార్డులలో రోగి మంచముల చెంతకు నడిపించెను. తన సమాధి మీద మరేమియు వ్రాయనక్కరలేదు, విద్యార్థులకు వార్డులలో వైద్యము నేర్పినాడని వ్రాసిన చాలునని ఆయన కోరిక. 1900 మొదలు 1904 వరకు ఆయన ఒక వింత పని చేయించెను. ఆసుపత్రిలో సంభవించిన సుమారు 500 మరణములకు ఒక్కొక్క కాగితము చొప్పున, చివరి ఘడియలలో రోగి ఎట్లుండెనో వ్రాయించెను. 1904లో హార్వర్డు విశ్వవిద్యాలయమున చేసిన ప్రసంగములో ఆ లెక్కను బయటపెట్టెను. శరీరబాధతో చనిపోయినవారు 90 మంది. మనస్సులో ఆందోళన చూపినవారు 11 మంది. నిజముగా భీతి చెందినవారు ఇద్దరు. పశ్చాత్తాపముతో కుమిలినవాడొకడు. మిగిలిన అత్యధికులు ఏ చిహ్నమును చూపక నిద్రలోనికి జారినట్లు జారిపోయిరి.

మరణము భయంకరమైన పెనుగులాటయని నమ్మెడి కాలమున ఈ లెక్క ఎందరికో ఊరట కలిగించియుండును. అయినను ఒక్క మాట. ఆ కాగితములు రోగి ఎట్లు కనబడెనో చెప్పుచున్నవి కాని, రోగి ఏమనుకొనెనో చెప్పుట లేదు. 90 మంది బాధపడిరన్న సంగతి వ్రాయబడెను గాని, ఆ బాధను ఎట్లు తగ్గింపవలెనో విద్యార్థులకు చెప్పు పాఠముగా అది మారలేదు. ఆస్లరు స్వయముగా మరణశయ్య చెంత ఎంత కోమలుడో ఆయన చరిత్ర చదివినవారికి తెలియును. 1917లో ఒక్కగానొక్క కుమారుడు యుద్ధములో చనిపోయెను. ఆ మరుసటి యేడాది, చనిపోవుచున్న ఒక చిన్నబిడ్డను చూడబోవుచు, తోటలో మిగిలిన గులాబీపువ్వును కోటు లోపల దాచి తీసికొనిపోయి, కథ చెప్పుచు ఆ బిడ్డ చేతిలో పెట్టెనట. ఆ నేర్పు ఆయనలో పుట్టుకతో నుండెను. పుట్టుకతో లేనివాని మాట ఏమి?

ఇరువదవ శతాబ్దపు నడిమి భాగమున మందులు బలపడెను. పెనిసిలిను వచ్చెను, రక్తము ఎక్కించుట వచ్చెను, శస్త్రచికిత్స గుండె వరకు పోయెను. 1948లో బోస్టను వైద్యుడు సిడ్నీ ఫార్బరు లుకేమియా అను రక్తపు కేన్సరుతో చనిపోవుచున్న 16 మంది పిల్లలకు అమినోప్టెరిను అను మందునిచ్చి, వారిలో పదిమందికి కొంతకాలము గుణము కనిపించినదని ప్రకటించెను. ఆ మందును తయారుచేసిన లెడర్లే ప్రయోగశాలలో పరిశోధనకు నాయకుడు మన భీమవరమున పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. సోదరుని స్ప్రూ వ్యాధి వలన కోల్పోయినవారాయన. ఈ మందు వలన పిల్లలకు వారములకు బదులు నెలలు లభించెను. ఇది సామాన్యమైన వరము కాదు. అయితే ఆ నెలలలో పిల్లవానితో ఏమి చెప్పవలెను, తల్లితో ఏమి చెప్పవలెను? మందు ఇచ్చిన శాస్త్రము ఆ మాటను ఇయ్యలేదు.

వైద్యులు ఏమి చేయుచుండిరో 1961లో ఒక లెక్క వెల్లడి చేసెను. చికాగో నగరమందలి ఒక ఆసుపత్రిలో డొనాల్డ్ ఓకెన్ అను వైద్యుడు 219 మంది వైద్యులను ప్రశ్నింపగా, నూటికి సుమారు 90 మంది కేన్సరు రోగికి ఆ సంగతి చెప్పకుండుటయే తమ పద్ధతి అనిరి. ఆ పద్ధతిని వారు ఏ పరిశోధన వలననో అనుసరించుట లేదు, తమ మనస్సుకు తోచినదానినిబట్టి అనుసరించుచున్నారని ఓకెన్ గ్రహించెను. గురువు చెప్పడు గనుక శిష్యుడు చెప్పడు. రోగి మంచము దగ్గరకు వచ్చునప్పటికి రౌండ్సులో అడుగులు త్వరపడును. అదియే పాఠము. నోటితో చెప్పకయే నేర్పబడు పాఠములే గట్టిగా నాటుకొనును.

ఇక్కడ నా స్వానుభవమొకటి చెప్పుటకు శ్రోతలు అనుమతింతురు గాక. చాల సంవత్సరముల క్రిందట మా తండ్రిగారు ఒక పట్టణపు ఆసుపత్రిలో తెల్లవారుజామున కన్నుమూసిరి. పాతికేండ్లయిన నిండని హౌస్ సర్జను వచ్చి నాడి చూచి, కనురెప్పలెత్తి చూచి, గడియారము చూచి, కాగితము మీద ఏమో వ్రాసికొనెను. మా అమ్మ, “ఏం బాబూ, ఎలా ఉన్నారు?” అని అడిగెను. ఆ యువకుడు ఆమె ముఖము వంక చూడక, “పెద్ద డాక్టరుగారు వచ్చి చెపుతారండి” అని వెళ్ళిపోయెను. పెద్ద డాక్టరుగారు రాలేదు. దుప్పటి కప్పుటకు వచ్చిన ఆయా చూచి మా అమ్మ తెలిసికొనెను. చాలకాలము ఆ యువకుని మీద నాకు కోపముండెను. కాని ఆనాడు కాగితముల కొరకు క్రిందికి దిగుచుండగా, మెట్ల మలుపున అతడు గోడకు ఆనుకొని, స్టెతస్కోపు చేతికి చుట్టుకొని ఊరక నిలుచుండుట నేను చూచితిని. అతడు కఠినుడు కాడు. ఆ ప్రశ్నకు ఏమని బదులు చెప్పవలెనో అతనికి ఎవరును చెప్పియుండలేదు.

దుఃఖించువారిని గూర్చిన శాస్త్రపరిశీలన ఒక ఘోరాగ్ని ప్రమాదము నుండి ప్రారంభమయ్యెననవచ్చును. 1942 నవంబరు 28వ తేదీ రాత్రి బోస్టను నగరమున కోకోనట్ గ్రోవ్ అను విలాసశాల తగులబడి 492 మంది మరణించిరి. బ్రతికి ఆసుపత్రి చేరినవారిని, చనిపోయినవారి బంధువులను ఎరిక్ లిండెమాన్ అను మానసిక వైద్యుడు పరామర్శించి, మరికొందరు దుఃఖితులను గూడ కలిసికొని, మొత్తము 101 మంది అనుభవమును 1944లో ప్రకటించెను. దుఃఖము అలలు అలలుగా వచ్చును. గొంతు బిగిసికొనును, నిట్టూర్పులు వచ్చును, పొట్ట ఖాళీగా తోచును. చనిపోయినవాని రూపము కన్నులయెదుట ఆడును. తానేదో చేయకపోవుటచేతనే వాడు పోయెనని నిందించుకొనుట తరచు. భార్యను రక్షింపలేకపోయితినని కుమిలిన ఒక యువకుడు, కోలుకొన్నట్లే కనబడి, తుదకు ప్రాణము తీసికొనెను. ఏడ్వనివాడు ధైర్యవంతుడని అనుకొనరాదని వైద్యలోకమునకు ఆ సంఘటన తెలియజేసెను. మన పల్లెలలో చావింటికి వచ్చిన పెద్దమ్మలు, “దాన్ని ఏడవనియ్యండర్రా” అందురు. ఆ మాటకు ఇంత వెనుకబలము కలదని వారికి తెలియదు, తెలియవలసిన పనియు లేదు.

ఇక సిసిలీ సాండర్సు కథ. 1918లో ఇంగ్లండులో పుట్టిన ఈమె రెండవ ప్రపంచయుద్ధకాలమున నర్సుగా శిక్షణ పొందెను. నడుమునొప్పి వలన ఆ పని మాని, రోగుల కష్టసుఖములు విచారించు ఆసుపత్రి ఉద్యోగినిగా చేరెను. అప్పుడు ఆమె పరామర్శించిన రోగులలో డేవిడ్ టాస్మా ఒకడు. వార్సా నుండి వచ్చిన యూదుడు, నలుబదేండ్లవాడు, నా అన్నవారు లేనివాడు, కేన్సరు రోగి. రెండు నెలలపాటు ఆమె అతని మంచము చెంత కూర్చుండి మాటలాడెను. తనవలె చనిపోవుచున్నవారికి ఏ విధమైన చోటు ఉండవలెనో వారిద్దరు కలిసి ఊహించుకొనిరి. 1948లో చనిపోవునపుడు టాస్మా తనకున్న 500 పౌండ్లను ఆమెకు వ్రాసి, నీవు కట్టబోవు ఇంటిలో నేనొక కిటికీనై యుందునని చెప్పెను.

ఆమె రాత్రులందు ఒక శరణాలయమున సేవకు పోవుచు, అక్కడ మార్ఫియాను నొప్పి వచ్చిన పిమ్మట గాక, నొప్పి రాకముందే వేళప్రకారము ఇచ్చుట గమనించెను. ఇతర ఆసుపత్రులలో రోగి అరచిన గాని మందు ఇచ్చెడివారు కారు. చనిపోవువారి కొరకు పాటుపడవలెనన్న కోరిక ఆమె చెప్పగా, నార్మన్ బారెట్ అను శస్త్రవైద్యుడు, నీవు వైద్యము చదువుము, చనిపోవువారిని విడిచిపోవువారు డాక్టర్లే, నర్సు మాట వారు వినరు అని హితవు చెప్పెను. ముప్పదిమూడవ యేట ఆమె వైద్యకళాశాలలో విద్యార్థినిగా చేరెను. 1957లో పట్టము పొందెను. కేన్సరుతో చనిపోవుటను గూర్చి ఆమె వ్రాసిన మొదటి వ్యాసము 1958లో తన ఆసుపత్రి పత్రికలో వెలువడెను. దానిని వ్రాయునాటికి ఆమె ఇంకను విద్యార్థినియే. ఈ చరిత్రలో ఒక విద్యార్థి పెద్దలకు పాఠము చెప్పిన ఘట్టమిది.

పిమ్మట హాక్నీలోని సెయింట్ జోసెఫ్ శరణాలయమున వెయ్యిమందికి పైగా రోగుల వివరములను ఆమె ఒక్కొక్కటిగా వ్రాసి యుంచెను. మార్ఫియా ఇచ్చినచో రోగి దానికి బానిసయగునన్న భయమునకు ఆధారము లేదని ఆ వివరములు తేటపరచెను. ఒకనాడు ఒక స్త్రీని, “నీ బాధ ఏమి?” అని అడుగగా, ఆమె నడుమునొప్పితో ప్రారంభించి, భర్త సంగతి, కుమారుని సంగతి, డబ్బు సంగతి చెప్పి, తుదకు తనలో అంతయు చెడిపోయినట్లే యున్నదనెను. శరీరము, మనస్సు, సంసారము, ఆత్మ అన్నియు కలిసిన ఆ బాధకు సాండర్సు 1964లో ‘సమస్తవేదన’ అను అర్థమిచ్చు పేరు పెట్టెను. 1967లో లండను శివార్లలో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ తెరచెను. చికిత్సాలయమే కాదు, అది విద్యాలయము గూడ. దేశదేశముల యువవైద్యులు అక్కడకు వచ్చి కొన్ని వారములుండి నేర్చుకొనిపోయిరి. బంధువుల దుఃఖమును గూర్చి కోలిన్ ముర్రే పార్క్స్ అను వైద్యుడు అక్కడ ప్రత్యేకముగా పనిచేసెను. కేన్సరుతోనే 2005లో సాండర్సు ఆ భవనముననే కన్నుమూసెను. టాస్మా కిటికీ నేటికిని అక్కడ కలదు. ఆ కిటికీ చుట్టు ఇల్లు కట్టుటకు పందొమ్మిదేండ్లు పట్టినదని ఆమె చెప్పెడిది.

సాండర్సు లండనులో పునాదులు వేయుచున్న కాలముననే చికాగోలో స్విట్జర్లండు స్త్రీ యొకతె వేరొక ద్వారమును తట్టెను. ఆమె ఎలిజబెత్ క్యూబ్లర్ రాస్. అంతకుముందు కొలరాడో విశ్వవిద్యాలయమున ఒక ప్రొఫెసరుగారి బదులు పాఠము చెప్పవలసివచ్చినపుడు జరిగిన సంగతిని ఆమె తన స్వీయచరిత్రలో వ్రాసికొనెను. లుకేమియాతో చనిపోవుచున్న పదునారేండ్ల బాలికను ఆమె తరగతికి తీసికొనివచ్చి, ప్రశ్నలడుగుడని వైద్యవిద్యార్థులతో చెప్పెను. రక్తకణముల లెక్క ఎంత, కాలేయము ఎంత పెరిగినది, ఏ మందులు వాడిరి — వారికి తోచిన ప్రశ్నలివి. కొంతసేపు విని ఆ బాలికకు కోపము వచ్చెను. మీరు అడుగవలసినవి ఇవి కావని, ప్రశ్నలు తానే వేసి బదుళ్ళు తానే చెప్పసాగెను. పదునారేండ్లకే కొద్ది వారములు మాత్రమే మిగిలినవని తెలిసిన యెడల ఎట్లుండును? పెద్దదాననగుదునని కలగనుటకైన వీలు లేకపోయినచో ఎట్లుండును? ఇంటివారు నిజము చెప్పకపోయినచో ఎట్లుండును? ఆమె వెళ్ళిన పిమ్మట తరగతి నిశ్శబ్దమయ్యెను. పెక్కుమంది కంట నీరు పెట్టుకొనిరి. సుబ్బారావుగారి మందు వంటి మందులు ఇచ్చిన నెలలలో పుట్టిన ప్రశ్నలివి.

1965లో చికాగోలో నలుగురు మతవిద్యార్థులు ఆమెను కలిసికొని, మానవజీవితములోని సంక్షోభమును గూర్చి వ్యాసము వ్రాయవలసియున్నది, మరణము కంటె గొప్ప సంక్షోభము మాకు తోచుట లేదు, సాయము చేయుడని కోరిరి. చనిపోవుచున్నవారినే అడుగుదమని ఆమె అనెను. వందలకొలది పడకలున్న ఆసుపత్రిలో వార్డు వార్డునకు తిరిగి, చనిపోవుచున్న రోగితో మాటలాడుటకు అనుమతి అడుగగా, వైద్యులు ఒకరి వెంట ఒకరు అట్టివారు తమ వార్డులో లేరనిరి. కొందరు కోపగించిరి. ఇంత పెద్ద ఆసుపత్రిలో చనిపోవువారే లేరట!

తుదకొక వృద్ధుడు దొరకెను. ఆమె వచ్చిన పని తెలియగానే అతడు చేతులు చాచి, ఇప్పుడే కూర్చుండుమని వేడుకొనెను. ఆమె కూర్చుండలేదు. విద్యార్థులతో కలిసి రేపు వత్తునని చెప్పి వెళ్ళిపోయెను. మరునాడు అందరు వచ్చునప్పటికి అతడు దిండు మీద వాలి మాటలాడు ఓపిక లేక యుండెను. గంట గడవకముందే చనిపోయెను. చెప్పదలచినది అతనితోనే పోయెను. ఈ తప్పును ఆమె తన గ్రంథములో దాచుకొనలేదు. నా మట్టుకు ఆ గ్రంథమంతటిలో ఇదియే మిక్కిలి విలువగల పుట. గురువు తన పొరపాటును శిష్యుల యెదుట ఒప్పుకొనుట వైద్యకళాశాలలలో అంత తరచుగా జరుగు పని కాదు.

ఆ తరువాత వారమునకొకసారి సెమినారు నడచెను. రోగి ఒక గదిలో ఆమెతో మాటలాడెడివాడు. ఒకవైపునుండి మాత్రమే కనబడు అద్దము వెనుక విద్యార్థులు, నర్సులు, మతాచార్యులు కూర్చుండి వినెడివారు. రోగి వెళ్ళిన పిమ్మట తమ మనస్సులో కలిగిన కలతను వారు చర్చించుకొనెడివారు. అన్నిటికంటె ఆలస్యముగా, అందరికంటె తక్కువగా వచ్చినది వైద్యులేనని ఆమె వ్రాసెను. రెండువందల రోగుల అనుభవముతో ఆమె గ్రంథము 1969లో వెలువడి లోకప్రసిద్ధమయ్యెను.

ప్రసిద్ధి వలన ఒక నష్టము గూడ కలిగెను. నమ్మకపోవుట, కోపము, బేరము, దిగులు, ఒప్పుకోలు అని ఆమె చెప్పిన అయిదు దశలను విద్యార్థులు పరీక్షల కొరకు వల్లించిరి. ఏడ్చుచున్నవానిని చూచి ఇతడు నాలుగవ దశలో నున్నాడని గుర్తుపెట్టుకొను అలవాటు పడెను. మనుష్యులందరు మెట్లెక్కినట్లు ఈ దశలను వరుసగా దాటరని తరువాతి పరిశీలకులు చూపిరి. మంచము చెంతకు పోవుటకు ఆమె ఇచ్చిన చేతికర్రను, పోకుండుటకు అడ్డుకర్రగా వాడుకొన్నట్లయ్యెను.

అదే దశాబ్దమున, 1965లో, బార్నీ గ్లేజరు, ఆన్సెల్మ్ స్ట్రాస్ అను ఇరువురు సామాజికశాస్త్రజ్ఞులు శాన్ ఫ్రాన్సిస్కో ప్రాంతపు ఆసుపత్రులను పరిశీలించి, మరణము చుట్టు అల్లుకొను మౌనమును వర్ణించిరి. రోగికి తెలియకుండుట ఒకటి. రోగి అనుమానించుట ఒకటి. ఇరువురికి తెలిసియు తెలియనట్లు నటించుట ఒకటి. తెలిసి మాటలాడుకొనుట ఒకటి. మూడవది మన ఇండ్లలో ఎంత పరిచితమో చెప్పనక్కరలేదు. “ఆయనతో మాత్రం అనకండి డాక్టరుగారూ, తట్టుకోలేరు” అని భార్య గది వెలుపల డాక్టరును బతిమాలును. అదే రోగి ఆమె మందులకు పోయినపుడు, “నాకు తెలుసునండి, ఆవిడకు చెప్పకండి” అనును. ఇరువురి మాటయు నిలబెట్టి డాక్టరు తప్పుకొనును. కాలము మించిన పిమ్మట, “ఇక ఇంటికి తీసుకువెళ్ళండి” అనును. మన భాషలో మరణవార్తను చెప్పు వాక్యములలో ఇంతకంటె పొట్టిది, ఇంతకంటె బరువైనది మరియొకటి లేదు. ఇంటికి తీసికొనిపోయి ఏమి చేయవలెనో, నొప్పి వచ్చినచో ఏమి ఇయ్యవలెనో ఆ వాక్యములో లేదు.

1979 నాటికి అమెరికాలో గాలి మారెను. ఓకెన్ అడిగిన ప్రశ్ననే తిరిగి అడుగగా నూటికి 97 మంది వైద్యులు రోగికి చెప్పుటయే తమ పద్ధతి అనిరి. కాని చెప్పుట అలవాటైనంత మాత్రమున మిగిలినదంతయు చక్కబడలేదు. 1995లో అయిదు పెద్ద ఆసుపత్రులలో 9,105 మంది రోగులను గూర్చి ప్రకటించిన పరిశీలనలో, స్మృతితో నుండి చనిపోయినవారిలో సగము మంది చివరి దినములలో కనీసము సగము కాలము చెప్పుకోదగిన నొప్పితో నుండిరని కుటుంబములవారు చెప్పిరి. సాండర్సు మొదటి వ్యాసము వెలువడి అప్పటికి ముప్పదియేడు సంవత్సరములు.

ఆ మీదట కళాశాలలు ఈ పాఠమును పద్ధతిగా చేపట్టెను. రోగివలె నటించువారిని పెట్టి విద్యార్థికి సాధన చేయించుట 1963లోనే లాస్ ఏంజెల్సులో హవర్డ్ బారోస్ ప్రారంభించియుండెను. దుర్వార్త చెప్పుటకు ఆ సాధన ఇప్పుడు ఉపకరించెను. 2000లో వాల్టర్ బెయిల్, రాబర్ట్ బక్మన్ మొదలగువారు ఆరు మెట్ల పద్ధతిని ప్రకటించిరి. ఏకాంతమైన చోట కూర్చుండవలెను. రోగికి ఇంతవరకు ఏమి తెలియునో అడుగవలెను. ఎంత తెలిసికొన దలచెనో అడుగవలెను. ఆ పిమ్మటనే చెప్పవలెను. కలిగిన దుఃఖమును గుర్తించి మాటలాడవలెను. తరువాత చేయవలసినది కలిసి నిశ్చయించుకొనవలెను. ఇది గూడ వల్లెవేతగా మారు ప్రమాదము లేకపోలేదు. అయినను ఇందలి మూడవ మెట్టు మనకు మిక్కిలి పనికివచ్చును. చెప్పుమని గాని చెప్పవద్దని గాని శాసింపక రోగినే అడుగుటలో, చరకుని భయమునకును ఓకెన్ కాలపు మౌనమునకును గూడ సమాధానము కొంత కలదు.

మన దేశమున ఈ పాఠమును గట్టిగా చెప్పినవారిలో కేరళ వైద్యుడు ఎం.ఆర్. రాజగోపాల్ అగ్రగణ్యుడు. ఆయన తన యౌవనకాలపు సంగతినొకదానిని బహిరంగముగా చెప్పుచుండును. కేన్సరు బాధతో వచ్చిన ఒక కళాశాల అధ్యాపకునకు నరమునకు సూదిమందిచ్చి నొప్పి తీసివేసి, తన నేర్పునకు తానే సంతోషించెను. మరల ఎప్పుడు రావలెనని అతడడుగగా, ఇక రానక్కరలేదని చెప్పెను. తన రోగము నయము కానిదని ఆ మాట వలననే అతనికి తెలిసెను. ఆ రాత్రియే అతడు ప్రాణము తీసికొనెను. నరమును చూచితిని గాని మనిషిని చూడలేదని రాజగోపాల్ గ్రహించెను. 1993లో కోళిక్కోడు వైద్యకళాశాలలో ఆయన మిత్రులతో కలిసి బాధానివారణ క్లినిక్కును స్థాపించెను. దానినుండి ఊరివారే పూనుకొని రోగి ఇంటికి పోయి సేవచేయు ఉద్యమము కేరళమంతట పెరిగెను. 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము వలన మార్ఫియా దొరకుట దుర్లభమై యుండగా, పెక్కేండ్ల పోరాటము మీదట 2014లో ఆ చట్టము సవరింపబడెను. హైదరాబాదులో మెహదీ నవాజ్ జంగ్ కేన్సరు సంస్థయందు గూడ ఉపశమన వైద్యవిభాగము వెలసి, వైద్యులకును నర్సులకును శిక్షణనిచ్చుచు వచ్చినది.

2019లో చేరిన విద్యార్థులనుండి దేశమంతట ఎం.బి.బి.ఎస్. పాఠ్యప్రణాళిక మారెను. వైద్యుని నడవడి, నీతి, సంభాషణ అను విషయములు అందు చేర్చబడెను. మొదటి యేట శవమే మన మొదటి గురువని చెప్పు పాఠము కలదు. చివరకు మరణమును ఎదుర్కొనుటను గూర్చిన పాఠమును కలదు. రెంటికి నడుమ నాలుగేండ్లు. ఈ గంటలలో చెప్పువారెవరు, వార్డులో పెద్ద డాక్టరుగారు త్వరపడి నడచిపోవుచుండగా తరగతిలో విన్నమాట విద్యార్థి చెవిలో ఎంతసేపు నిలుచును అనునవి నన్ను వెంటాడు సందేహములు. మెట్ల మలుపున నిలిచిన ఆ యువకునకు పాఠము మాత్రమే గాక, ఆ తెల్లవారుజామున అతని ప్రక్కన నిలుచు పెద్దవాడొకడు గూడ కావలసియుండెను.

2012లో అమెరికాలోని కాన్సాస్ విశ్వవిద్యాలయపు ఆసుపత్రిలో ఒక చిన్న పరిశీలన వెలువడెను. ఒకే వైద్యుడు కొందరు రోగులతో నిలుచుండి, కొందరితో కూర్చుండి మాటలాడెను. నిజమునకు కూర్చున్నపుడు గడపిన కాలము, నిలుచున్నపుడు గడపిన కాలము కంటె కొంచెము తక్కువ. కాని ఆయన కూర్చుండి మాటలాడిన రోగులు, ఆయన తమవద్ద చాలసేపు ఉండెనని చెప్పిరి. ఇది చదివిన పిమ్మట నేనొక పెద్ద ఆసుపత్రి వార్డునకు మిత్రుని చూడబోయి మంచములను లెక్కపెట్టితిని. మంచములు ముప్పదియారు. రోగులకు తోడు వచ్చినవారు నేల మీద చాపలు పరచుకొని యుండిరి. డాక్టరు కూర్చుండుటకు ఆ వార్డులో స్టూలు ఒకటియే కలదు. దాని మీద సెలైను సీసాల పెట్టె పెట్టియుండెను.